మా రాత్రిబడికి కిరసనాయిలు పోసినవాళ్ళు

నెల్లూరు జిల్లాలో 1991 ప్రాంతంలో నడిచిన అక్షరదీపం అనే సాక్షరతా కార్యక్రమం గురించి ఎవరు రాసినా రెండు విషయాలు తప్పకుండా చెబుతారు. ఆ చదువులోంచే సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిందని ఒకటి, అప్పటి అధికారులు రాత్రింబవళ్ళు కష్టపడ్డారని ఇంకొకటి. రెండూ నిజమే. అయితే పొద్దుగూకాక లాంతరు ఎవరు వెలిగించారు, చదువుకునే తల్లుల చంకలోని పిలకాయల్ని ఎవరు ఎత్తుకున్నారు, చీకట్లో ఆడవాళ్ళని ఇళ్ళదాకా ఎవరు దిగబెట్టారు అన్న సంగతులు ఎక్కడా కనిపించవు. మా ఊరి రాత్రిబడిలో చదువు చెప్పినదాన్ని కాబట్టి అవి నాకు తెలుసు. ఆ మనుషుల్లో చాలామంది ఇప్పుడు లేరు. అందుకే రాస్తున్నాను.

మాది మెట్ట ప్రాంతం. కలిగిరి, వింజమూరు, ఉదయగిరి వైపు బస్సులో వెళ్ళినవాళ్ళకి ఆ నేల ఎట్లా ఉంటుందో తెలిసే ఉంటుంది. పెన్నా కాలువల కింద ఊళ్ళలో వరి పచ్చగా ఉన్నప్పుడు కూడా మా వైపు వానపడితేనే చెరువు, చెరువు నిండితేనే నాలుగు కయ్యలు తడిసేది. మిగతాదంతా సజ్జ, కంది, వేరుశెనగ, పొగాకు. పొగాకు పని ఉన్న నెలల్లో ఆడవాళ్ళు తెల్లవారకముందే సద్ది కట్టుకుని పోయేవాళ్ళు. ఆకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పని అయ్యాక గ్రేడింగు, అంటే ఆకుని రకాలుగా వేరుచేయడం. ఇంటికొచ్చేసరికి చేతులన్నీ జిగట, ఒళ్ళంతా పొగాకు వాసన. అట్లా వచ్చి, నీళ్ళు తోడి, సంకటి కెలికి, అందరికీ పెట్టి, అప్పుడు పలక పట్టుకుని బడికి రావాలి. ఆ రోజుల్ని తలుచుకుంటే ముందు ఇదే గుర్తొస్తుంది. మేము వాళ్ళకి చదువు చెప్పడానికి పోయింది గంటన్నర సేపు. వాళ్ళు మాత్రం పద్నాలుగు గంటల పని చేసొచ్చి కూర్చునేవాళ్ళు.

నేను అప్పుడు కావలిలో ఇంటరు పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. డిగ్రీకి పంపాలా, సంబంధాలు చూడాలా అని మా నాయన, పెదనాయన ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. ఆ సమయంలో మా ఊరికి కళాజాత వచ్చింది. కాళ్ళకి గజ్జెలు, చేతిలో డప్పు, భుజాన కండువా వేసుకున్న కుర్రాళ్ళూ ఇద్దరు ముగ్గురు అమ్మాయిలూ. జన విజ్ఞాన వేదిక అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు, బడిపంతుళ్ళు కలిసి అట్లాంటి బృందాలు తయారుచేసి ఊరూరా తిప్పారు. రామాలయం ముందు గ్యాసులైటు వెలుతురులో ఆడారు. వేలిముద్ర వేసి అప్పు తీసుకున్న కూలీ నాటకం ఒకటి ఉండేది. కాగితం మీద ఏముందో తెలియక ఉన్న ఒక్క పొలం చెక్కా పోగొట్టుకుంటాడు. ఆ భాగం రాగానే జనం మాటలాపేశారు. అది చాలామంది ఇళ్ళల్లో జరిగిన కథే.

మరుసటి రోజు మా హెడ్‌మాస్టరు గారు పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టారు. దేశంలో సాక్షరతా మిషన్ 1988లో మొదలైందని, కేరళలో ఎర్నాకుళం జిల్లా 1990కే సంపూర్ణ అక్షరాస్యత సాధించిందని ఆయన చెప్పారు. 1991 జనాభా లెక్కల్లో మన రాష్ట్రంలో చదవను రాయను వచ్చిన ఆడవాళ్ళు నూటికి ముప్ఫై ముగ్గురు కూడా లేరు. మా మెట్టలో, మా వీధుల్లో ఆ లెక్క ఇంకెంత అధ్వానమో చూస్తేనే తెలిసేది. "చదువొచ్చిన ఒకరు, చదువు రాని పదిమందికి నేర్పాలి. జీతం లేదు, భత్యం లేదు. ఎవరు చేస్తారు?" అని అడిగారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముందు లేచింది టైలరు అన్న. తర్వాత పోస్టు పంచే ఆయన. మా నాయన నా వైపు చూసి, "నువ్వూ చెప్పు పోమ్మా, ఇంట్లో ఊరికే కూర్చునే బదులు" అన్నాడు. ఆయన ఆ మాట అంటాడని నేను అనుకోలేదు.

ముందు ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకోవాలి. మేము కాగితం, పెన్ను పట్టుకుని గడపలో నిలబడితే, "బియ్యం కార్డుకా పాపా?" అని అడిగేవాళ్ళు. చదువు కోసమని చెబితే నవ్వేవాళ్ళు. "ఇప్పుడు చదివి నేనేమన్నా కలెక్టరునవుతానా?" అన్న మాట ప్రతి వీధిలో వినిపించింది. ఆ మాట అన్నవాళ్ళే నాలుగు రోజుల తర్వాత ఇంటికొచ్చి, "నా పేరు రాసినావా లేదా?" అని అడిగారు. కార్యక్రమం లెక్క ప్రకారం పదిహేను నుంచి ముప్ఫై ఐదేళ్ళ లోపు వాళ్ళకి ముఖ్యంగా నేర్పాలి. మా ఊళ్ళో అవ్వలు ఆ లెక్కని లెక్కచేయలేదు. కోడలితో పాటు అత్తా వచ్చింది. "నేను మాత్రం మనిషిని కాదా?" అని నిలదీస్తే ఏం చెబుతాం? వాళ్ళనీ కూర్చోబెట్టుకున్నాం.

బడి ఎక్కడ పెట్టాలన్నది మొదటి పెద్ద సమస్య. రామాలయం అరుగు విశాలంగా ఉండేది గానీ పాలెం (దళితవాడ) నుంచి ఆడవాళ్ళు అక్కడికి వచ్చి కూర్చునే పరిస్థితి లేదు. ఆ మాట ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు. అందుకని పాలెంలో చర్చి ముందు ఒక కేంద్రం, ఊళ్ళో ఒక కేంద్రం అని మొదట అనుకున్నారు. హెడ్‌మాస్టరు గారు ఒప్పుకోలేదు. ఊరికీ పాలేనికీ మధ్యలో ఉన్న ప్రైమరీ స్కూలు వరండాలోనే అందరికీ చెబుదాం అన్నారు. మొదటి రోజుల్లో వరండాకి ఆ చివర వాళ్ళు, ఈ చివర వీళ్ళు. మధ్యలో నాలుగు బారల ఖాళీ. ఆ ఖాళీని ఎవరూ ఉపన్యాసం ఇచ్చి పూడ్చలేదు. ఉన్నవి రెండే లాంతర్లు, ఒకదానికి గాజు పగిలింది. మిగిలిన ఒక్క లాంతరు చుట్టూ అందరూ దగ్గరికి జరగాల్సి వచ్చింది. తర్వాత గాజు కొని తెచ్చినా ఆ ఖాళీ మళ్ళీ రాలేదు. ఊళ్ళో కట్టుబాట్లన్నీ దాంతో పోయాయని నేను చెప్పను. పోలేదు. ఆ వరండాలో మాత్రం పోయాయి.

పలకలు, బలపాలు, పుస్తకాలు పైనుంచి వచ్చాయి. లాంతర్లోకి కిరసనాయిలు మాత్రం ఊరే చూసుకోవాల్సి వచ్చింది. అప్పట్లో కిరసనాయిలు అంటే కార్డు మీద నెలకోసారి వచ్చే నూనె. అదే పొయ్యికి, అదే బుడ్డికి. ఏ ఇంట్లోనూ మిగులు ఉండేది కాదు. మొదటి వారం మా ఇంట్లోంచి, టైలరు అన్న ఇంట్లోంచి పోశాం. తర్వాత ఎట్లా అని చూస్తుంటే, భర్త చనిపోయి ఒక్కతే కూలి చేసుకుని ఇద్దరు పిలకాయల్ని సాకుతున్న ఒకావిడ చిన్న మందుసీసాలో నూనె తెచ్చి నా ముందు పెట్టింది. "ఈ రోజు వంతు నాది" అంది. వంతు అనే మాట అక్కడ మొదలైంది. మరుసటి రోజు నుంచి ఇంటికొక సీసా. టైలరు అన్న స్కూలు గోడ మీద సుద్దముక్కతో వంతుల పట్టీ రాశాడు. ఎవరి రోజు ఏదో వాళ్ళ పేరు వాళ్ళే చదువుకుని తెలుసుకోవాలని ఆయన పెట్టిన షరతు. పాఠ్యపుస్తకం కంటే ముందు ఆ గోడనే చాలామంది చదివారు. ఎవరికైనా ఇంట్లో నూనె లేకపోతే పక్కింటివాళ్ళు వాళ్ళ పేరు మీద పోసేవాళ్ళు. కొట్టు మామ అప్పుడప్పుడు ఒక సీసా ఊరికే ఇచ్చేవాడు, పట్టీలో పేరు రాయవద్దనేవాడు.

ఇంకో చిక్కు చంటిపిల్లలు. ఒకడు ఏడిస్తే పదిమంది చదువు ఆగిపోతుంది. దానికి దారి చూపించింది మా వీధి చివర ఉండే ఒక అవ్వ. ఆమెకి అప్పటికే కళ్ళు బాగా మందగించాయి. అక్షరాలు కనిపించవని నాలుగు రోజులకే పలక తిరిగిచ్చేసింది. ఇచ్చేసి ఇంటికి పోలేదు. పిలకాయలందరినీ స్కూలు గదిలో పోగుచేసుకుని కూర్చుంది. కథలు చెప్పేది, నిద్రొచ్చినవాళ్ళని ఒడిలో పడుకోబెట్టుకునేది. ఇద్దరు పెద్ద ఆడపిల్లలు ఆమెకి సాయం. ఇప్పుడైతే అంగన్‌వాడీ అంటాం, జీతం ఉంటుంది, గుడ్లు వస్తాయి. ఆ అవ్వకి ఎవరేమిచ్చారు? చదువుకునే ఆడవాళ్ళు వంతులేసుకుని రాత్రి కూడు ఆమెకి పెట్టేవాళ్ళు, అంతే. ఆమె లేకపోతే మా బడి నెల కూడా నడిచేది కాదు. ఏ రికార్డులోనూ ఆమె పేరు వాలంటీరుగా లేదు.

కళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. నలభై దాటినవాళ్ళు లాంతరు వెలుతురులో పలకని చేయి చాచినంత దూరం పెట్టుకునేవాళ్ళు. మొదట్లో వాళ్ళకి అక్షరం పట్టుబడటం లేదనుకునేవాళ్ళు, తమకి బుర్ర లేదని బాధపడేవాళ్ళు కూడా. మా ఊళ్ళో వైద్యం చేసే ఆర్ఎంపీ డాక్టరు గారు ఒక రాత్రి వచ్చి చూసి, "వీళ్ళకి బుర్ర లేకపోవడమేంది, అద్దాలు లేవు" అన్నాడు. ఆయనే కావలి వెళ్ళి దగ్గర చూపుకి పెట్టుకునే చవక అద్దాలు కొన్ని తెచ్చాడు. ఊరివాళ్ళు చందా వేసుకున్నారు. ఆ అద్దాలు స్కూల్లోనే ఉండేవి, వచ్చినవాళ్ళు పెట్టుకుని చదివి వెళ్ళేటప్పుడు పెట్టెలో పెట్టేసేవాళ్ళు. మొదటిసారి అద్దాలు పెట్టుకుని 'ల' అక్షరాన్ని చూసిన ఒక పెద్దమ్మ, "అయ్యో, ఇది ఇంత స్పష్టంగా ఉందా!" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఎంతమంది ముసలివాళ్ళు కేవలం అద్దాలు లేక సూది దారం, బియ్యంలో రాళ్ళు, పాముకీ తాడుకీ తేడా కూడా చూడలేక బతికారో అని అప్పుడు అనిపించింది.

చదువు చెప్పడం నాకు ఎవరు నేర్పారంటే, మండల కేంద్రంలో ఇచ్చిన శిక్షణ కొంత, వాళ్ళే కొంత. పుస్తకం మూడు భాగాలుగా ఉండేది. ఒక్కో భాగం చివర పరీక్ష. అక్షరాలు వరసగా కాకుండా, తెలిసిన మాటలతో మొదలుపెట్టి అందులోంచి అక్షరం విడదీసి చెప్పాలి. లెక్కల దగ్గరికి వచ్చేసరికి వాళ్ళే నాకు టీచర్లు. నిమ్మకాయలు, మామిడికాయలు పుంజీల్లో లెక్కపెట్టే అలవాటు వాళ్ళది. పుంజీ అంటే నాలుగు, పరక అంటే రెండు. మూడు పుంజీలు, ఒక పరక కలిపితే ఎంత అని నేను వేళ్ళు మడుస్తుంటే వాళ్ళు పద్నాలుగు అనేసేవాళ్ళు. నోటితో చెప్పే లెక్కని కాగితం మీద పెట్టడమే వాళ్ళకి కావలసింది. అది రాగానే వాళ్ళు మొదట చేసిన పని కూలి రోజులు సొంతంగా రాసుకోవడం. గ్రేడింగు దగ్గర మేస్త్రి పుస్తకంలో ఉన్న రోజులకీ, వీళ్ళు ఇంటి గోడ మీద రాసుకున్న రోజులకీ తేడా వచ్చినప్పుడు, అడిగే ధైర్యం వచ్చింది. కొన్నిసార్లు మేస్త్రిది సరైన లెక్కే అయ్యేది. అయినా ఇప్పుడు ఇద్దరి దగ్గరా కాగితం ఉంది.

ఒక తల్లి కొడుకు మిలిటరీలో ఉండేవాడు. అతని ఉత్తరాలు పోస్టు పంచే ఆయనే చదివి వినిపించేవాడు, జవాబు కూడా ఆయనే రాసేవాడు. ఆమె రెండో పుస్తకం పూర్తయ్యాక పదిహేను పైసల కార్డు ఒకటి కొనుక్కుని వచ్చింది. సాయం చేస్తానంటే వద్దంది. రాయడానికి మూడు రాత్రులు పట్టింది. "బాగున్నావా. నేను బాగున్నాను. ఇది నేనే రాసినాను" అని మూడు ముక్కలు. మిగతా కార్డంతా ఖాళీ. కొడుకు జవాబు రాసినప్పుడు అక్షరాలు పెద్దగా, విడివిడిగా, తల్లి చదువుకునేలా రాశాడు. ఆ జవాబుని ఆమె బడిలో అందరి ముందూ చదివింది. పోస్టాయన పక్కనే నిలబడి వింటున్నాడు, ఒక్క మాట కూడా అందించలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. పొగాకు పని ముమ్మరంగా ఉన్నప్పుడు రాత్రిబడికి నలుగురు కూడా వచ్చేవాళ్ళు కాదు. అప్పుడు మేమే గ్రేడింగు షెడ్డుకి పోయి మధ్యాహ్నం సంగటి తినే వేళ పాఠం చెప్పాం. కొందరు మగవాళ్ళు ఇంట్లో గొడవ పెట్టేవాళ్ళు. పాలెం దారిలో చీకటి, పాములు. టైలరు అన్న టార్చిలైటు పట్టుకుని రోజూ చివరి మనిషిని ఇంట్లో దిగబెట్టి గానీ తిరిగొచ్చేవాడు కాదు. మా చుట్టుపక్కల ఊళ్ళల్లో కొన్ని కేంద్రాలు రెండు మూడు నెలలకే మూతపడ్డాయి. అక్కడ చదువు చెప్పేవాళ్ళు తక్కువై కాదు. లాంతరు, పిల్లలు, దారి, ఈ మూడూ చూసుకునే మనిషి లేక.

చివరి పరీక్షకి వేరే ఊరి టీచర్లు వచ్చారు. నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, 7 మాటలు చూసి రాయాలి, చెబుతుంటే 5 మాటలు రాయాలి, వంద దాకా అంకెలు రావాలి. ఆడవాళ్ళందరూ తలంటుకుని, ఉన్నంతలో మంచి చీరలు కట్టుకుని వచ్చారు. వాళ్ళకంటే నాకే టెన్షన్ ఎక్కువ. కొట్టు మామ బెల్లం పానకం చేయించి తెచ్చాడు. అందరూ పాసవలేదు. పాసవని వాళ్ళు మళ్ళీ వచ్చారు.

చదవడం వచ్చాక ఏం చదవాలి? ఆ ప్రశ్నకి తర్వాత దశలో వచ్చిన పుస్తకాలు జవాబిచ్చాయి. అందులో సారా గురించి పాఠాలుండేవి. మా జిల్లాలో సారా అప్పుడు ప్యాకెట్లలో అమ్మేవాళ్ళు. తాగునీళ్ళ కోసం ఆడవాళ్ళు మైలు నడిచే ఊళ్ళో కూడా సారా ప్యాకెట్టు గుమ్మం ముందు దొరికేది. కూలి డబ్బులు చేతికి అందే చోటే దుకాణం. పాఠం చదివిన రోజు ఎవరూ దాని గురించి పెద్దగా మాట్లాడలేదు. చదవడం అయ్యాక పుస్తకం మూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒకావిడ, "ఇది మా ఇంటికథ, వీళ్ళకెట్టా తెలిసింది?" అంది. అక్కడి నుంచి ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. ఆ రాత్రి పాఠం చాలా పొద్దుపోయేదాకా నడిచింది. ఊరామె చెప్పిందీ, పాలెం ఆమె చెప్పిందీ ఒకటే కథ. మా ఇళ్ళల్లో ఇట్లాంటివి బయట చెప్పుకోవడం పరువు తక్కువ అని పెరిగినదాన్ని నేను. ఆ రాత్రి ఎవరూ పరువు గురించి ఆలోచించలేదు.

కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారన్న వార్త అప్పటికే మా దాకా వచ్చింది. వర్ధినేని రోసమ్మ గారి పేరు మొదట అట్లా విన్నాం. దూబగుంట మాకు దూరం కాదు, అక్కడ మా ఊరివాళ్ళకి చుట్టరికాలున్నాయి. "వాళ్ళు చేసినారు గదా, మనకేమొచ్చింది?" అన్నారు మావాళ్ళు. 1992లో జిల్లా అంతా అదే మాట. సారా వేలంపాటలు జరగనివ్వకుండా నెల్లూరులో వేలమంది ఆడవాళ్ళు అడ్డం పడ్డారు, పాట మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. పేపర్లు ఆ వార్తలు పెద్దగా వేశాయి. పేపరు పంచాయతీ ఆఫీసుకి వస్తే, మొన్నటిదాకా పలక పట్టినవాళ్ళే వరండాలో కూర్చుని దాన్ని గట్టిగా చదివి మిగతావాళ్ళకి వినిపించారు.

మా ఊళ్ళో ఏం చేశారంటే, ప్యాకెట్లు తెచ్చే జీపు ఊళ్ళోకి రాకుండా పొలిమేర దగ్గర కాపలా పెట్టారు. చీపుర్లు, కారప్పొడి మూట దగ్గర పెట్టుకుని కూర్చునేవాళ్ళు. దీనికి కూడా వంతులే. స్కూలు గోడ మీద కిరసనాయిలు పట్టీ ఉన్న చోటే ఇప్పుడు కాపలా పట్టీ. ఈసారి టైలరు అన్న రాయలేదు, ఆడవాళ్ళే రాసుకున్నారు. పగలు కొందరు, రాత్రి కొందరు. కాపలా వాళ్ళ పొయ్యి మిగతావాళ్ళు వెలిగించేవాళ్ళు. పిలకాయలు మళ్ళీ అవ్వ దగ్గరే. జీపు రెండుసార్లు వచ్చి వెనక్కి తిరిగింది. ఒకసారి దుకాణం తరఫు మనుషులు బెదిరించారు కూడా. అప్పుడు పొలిమేర మీద కూర్చున్న వాళ్ళల్లో ఊరివాళ్ళెవరో, పాలెం వాళ్ళెవరో దూరం నుంచి చూస్తే తెలిసేది కాదు. మా అమ్మ కూడా వంతుకి పోయింది. అప్పటిదాకా మా అమ్మ మా వీధి దాటి ఒక్కతే వెళ్ళడం నేను చూడలేదు.

బయటి నుంచి వచ్చినవాళ్ళు, ఇంత కట్టుదిట్టంగా చేయడం వీళ్ళకి ఎవరు నేర్పారు అని అడిగేవాళ్ళు. ఎవరూ కొత్తగా నేర్పలేదు. ఏడాది పైగా ఒక లాంతర్లో నూనె అయిపోకుండా చూసుకున్న ఊరు అది. ఎవరికి ఎప్పుడు వీలవుతుందో, ఎవరింట్లో జబ్బు మనిషి ఉన్నాడో, ఎవరి వంతు ఎవరు తీసుకోవాలో అందరికీ తెలుసు.

1993 ఏప్రిల్ 15 నుంచి మా జిల్లాలో సారా బందయింది. అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాక 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఆ వార్త వచ్చిన రోజున పొలిమేరలో కూర్చున్న ఆడవాళ్ళ బాధ చూడలేకపోయాం. ఒకావిడ, "మేము కూర్చున్న రాత్రులన్నీ ఎవరు తిరిగిస్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. రోసమ్మ గారు 2016లో చనిపోయారు. ఆమె బతికుండగానే ఊరూరా బెల్టుషాపులు చూడాల్సి రావడం నాకు చాలా కష్టంగా అనిపిస్తుంది.

సారా ఆగిన నెలల్లో చేతిలో కొంచెం డబ్బు నిలిచింది. అప్పుడే మా జిల్లాలో పొదుపులక్ష్మి అనే ఆడవాళ్ళ పొదుపు సంఘాల పథకం మొదలైంది. రోజుకో రూపాయి, నెలకి ముప్ఫై. ఆ లెక్క రాయడానికి ఎవరో గుమాస్తా కావాలి కదా అని బ్యాంకు ఆయన అడిగితే, మావాళ్ళు నవ్వి పుస్తకం లాక్కున్నారు. మొదటి అప్పు ఎవరికివ్వాలన్న చర్చ నాకు బాగా గుర్తుంది. మొట్టమొదట మందుసీసాలో నూనె తెచ్చినావిడకే ఇచ్చారు, రెండు గొర్రెపిల్లలు కొనుక్కోవడానికి. ఆమె అడగలేదు. మిగతావాళ్ళే ఆమె పేరు చెప్పారు. తర్వాత అవే సంఘాలు డ్వాక్రా అయ్యాయి, ఇప్పుడు లక్షల్లో అప్పులు తీసుకుని కడుతున్నారు. చేతిపంపు చెడిపోతే మెకానిక్కుకి డబ్బులిచ్చిందీ, అవ్వ చనిపోతే కార్యం చేయించిందీ కూడా ఆ సంఘమే. ఆమెకి సొంతవాళ్ళు ఎవరూ లేరు. ఆమె దగ్గర కథలు విని పెరిగిన పిలకాయలే మోశారు.

నాకు పెళ్ళయి ఊరు వదిలాను. తర్వాత డిగ్రీ ప్రైవేటుగా కట్టి చదివాను, టీచరునయ్యాను. ఇన్నేళ్ళు తరగతి గదిలో చెప్పినా, పెద్దవాళ్ళ చేయి పట్టుకుని అక్షరం దిద్దించినప్పటి సంతోషం వేరు. పని చేసి చేసి గట్టిపడిన వేళ్ళు అవి. బలపం పట్టుకుంటే విరిగిపోయేది. చిన్న ముక్కలతో రాయడం వాళ్ళకి కష్టమని టైలరు అన్న వెదురుపుల్లల్ని చీల్చి, బలపం ముక్కల్ని వాటికి గుచ్చి దారం చుట్టి ఇచ్చేవాడు. ఇట్లాంటి ఉపాయాలు ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

ఇప్పుడు కేంద్ర ప్రభుత్వం ఉల్లాస్ పేరుతో మళ్ళీ వయోజనులకి చదువు చెప్పిస్తోంది. చెప్పేది మళ్ళీ ఊళ్ళోని వాళ్ళే, జీతం లేకుండా. కరెంటు ఉంది, ఫోన్లో పాఠాలున్నాయి. కిరసనాయిలు బాధ లేదు. ఈ పని చూసే అధికారులెవరైనా ఇది చదివితే ఒక్కటి అడుగుతాను. చెప్పేవాళ్ళ పేర్లతో పాటు పిల్లల్ని పట్టుకునేవాళ్ళని, ఇళ్ళ దగ్గర దిగబెట్టేవాళ్ళని కూడా ఊళ్ళో ముందే వెతకండి. కంటి పరీక్ష మొదటి వారంలోనే చేయించండి.

పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు, కొడుక్కి కార్డు రాసినావిడ ఇంటికి వెళ్ళాను. ఎనభై దగ్గరపడ్డాయి. వరండాలో మంచం వేసుకుని, పక్కింటి కోడలికి సంతకం దిద్దిస్తోంది. ఆ అమ్మాయి వలస కూలీల ఇంట్లో పుట్టి, ఊరూరా తిరగడంతో బడికి పోలేదట. నన్ను చూసి కూర్చోమని కూడా అనకుండా, "నువ్వు టౌన్లో ఉండావు గదా, మాకు చదువుకోవడానికి పుస్తకాలు పంపించు పాపా" అంది. ఏ పుస్తకాలు కావాలి పెద్దమ్మా అంటే, "ఏవైనా సరే. అక్షరాలు మాత్రం పెద్దగా ఉండాల. ఆ వారపత్రికల్లో మరీ సన్నంగా ఏస్తుండారు, వాళ్ళకి ఒక ఉత్తరం రాస్తే ఎట్టుంటాది?" అని అడిగింది. రాయమన్నాను. అడ్రసు కనుక్కుని పంపాను.